పాత కారు ధరలో ప్రకటన ఎంత, పన్ను ఎంత, మిగిలేది ఎంత?

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. రాజమహేంద్రవరంలో మీ మామయ్య గారి పాత కార్ల దుకాణంలో ఈ మధ్యే చేరారు. దుకాణానికి జీఎస్టీ నమోదు ఉంది. మొన్న ఒక చిన్న పెట్రోలు కారును 3,40,000 రూపాయలకు కొని, అన్నీ కలిపి 4,00,000కు అమ్మారు. "అరవై వేలు వచ్చాయి, మరమ్మతులు పోను నలభై అయిదున్నర వేలు మిగిలాయి" అని మామయ్య అంటున్నారు. "నాలుగు లక్షల మీద 18 శాతం అంటే 72,000 పన్ను, మీకు నష్టమే" అని మీ స్నేహితుడు భయపెట్టాడు. ఆడిటర్ ఏమో పన్ను 10,800 అన్నారు. వీటిలో ఏది నిజం? తర్వాతి కారు మీద నలభై వేలు నిజంగా చేతికి రావాలంటే ఎంత ధర చెప్పాలి? ప్రకటనలకు ఎంత పెట్టవచ్చు? మీరు అడిగినవి ఇవే కదా.

ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి దుకాణాలకు లెక్కలు రాస్తున్నాను. అంతకుముందు కొన్నాళ్లు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పాను. ఆ రెండు పనులూ ఒకటేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీ ప్రశ్నకు కూడికలు, తీసివేతలు చాలవు, బీజగణితం కావాలి. ఎందుకంటే మీకు తెలియని అంకె లెక్క చివర లేదు, మధ్యలో ఉంది. పన్ను తెలియాలంటే ధర తెలియాలి, ధర తేలాలంటే పన్ను తెలియాలి. ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతున్నప్పుడు తెలియని దానికి ఒక అక్షరం పెట్టడం తప్ప వేరే దారి లేదు.

బడిలో అలవాటైన ఎక్స్, వైలను పక్కన పెడదాం. మన పాత గణితజ్ఞులు తెలియని రాశులకు రంగుల పేర్లు పెట్టి, ఆ పేర్లలోని మొదటి అక్షరాలు వాడేవారు. కాలకకు (నలుపుకు) "కా", నీలకకు "నీ" అన్నమాట. మనమూ అదే పద్ధతిలో పోదాం. కొన్న ధర "కొ", కొనేవాడు మనకు ఇచ్చే మొత్తం "అ", మన ఖర్చులన్నీ కలిపి "ఖ", చివరికి మిగిలే లాభం "లా", పన్ను పడే మార్జిన్ "మా".

ముందు మీ స్నేహితుడి భయం తీరుద్దాం. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి 55వ సమావేశం తర్వాత ఈ భయం ఊరంతా పాకింది. పాత కార్లకు 18 శాతం అని వార్త రాగానే, అమ్మిన ధర మొత్తం మీద 18 శాతం అనుకుని చాలామంది గుండెలు బాదుకున్నారు. మారింది పన్ను రేటు మాత్రమే. 2018 జనవరి నుంచి చిన్న కార్లకు 12 శాతం, పెద్ద వాటికి 18 శాతం ఉండేది. 2025 జనవరి నుంచి విద్యుత్ కార్లతో సహా అన్నిటికీ 18 అయింది. పన్ను పడే చోటు మారలేదు. అది అప్పుడూ ఇప్పుడూ మార్జిన్ మీదే, అంటే అమ్మిన ధరకూ కొన్న ధరకూ మధ్య ఉన్న తేడా మీదే. ఆ కారు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే మొత్తంగా, తీసుకుని ఉండకూడదన్నది షరతు. మామూలు మనుషుల దగ్గర కొన్న కారుకు ఆ క్రెడిట్ ప్రసక్తే ఉండదు కాబట్టి మీకు చిక్కు లేదు. జీఎస్టీ నమోదు లేని వ్యక్తి తన సొంత కారు అమ్ముకుంటే ఈ పన్నే లేదు. కాబట్టి 72,000 మాట మరిచిపోండి.

ఇక ఆడిటర్ చెప్పిన 10,800. ఆయన 60,000 మీద నేరుగా 18 శాతం వేశారు. ఆ లెక్క తప్పు కాదు, కానీ అది వేరే బిల్లుకు చెందిన లెక్క. మీరు బిల్లులో ధర 4,00,000 అని రాసి, పన్ను 10,800 పైన వేసి, కొనుగోలుదారు దగ్గర 4,10,800 తీసుకుని ఉంటే అదే సరి. మీరు అన్నీ కలిపి నాలుగు లక్షలే తీసుకున్నారు. అంటే పన్ను ఆ నాలుగు లక్షల లోపలే దాగి ఉంది. దాన్ని బయటికి తీయాలి.

అ = కొ + మా + 0.18 మా

అంటే

అ − కొ = 1.18 మా

అంటే

మా = (అ − కొ) ÷ 1.18

60,000ను 1.18తో భాగిస్తే 50,847. ఇది అసలు మార్జిన్. మిగిలిన 9,153 పన్ను. పన్ను కలిసి ఉన్న మొత్తంలోంచి పన్నును విడదీయడానికి జీఎస్టీ నిబంధనల్లోనే ఈ సూత్రం ఉంది: మొత్తాన్ని 18తో గుణించి 118తో భాగించాలి. బిల్లు పట్టుకెళ్లి ఆడిటర్‌కు చూపండి. "పన్ను కలిపి" అన్న మాట బిల్లు మీద లేకపోతే ఆయన్ను తప్పుపట్టలేం. ఆ రెండు మాటలు రాయకపోవడం వల్ల ఈ ఒక్క కారు మీద పోయేది 1,647 రూపాయలు.

ఇప్పుడు మామయ్య గారి నలభై అయిదున్నర వేలు. మీరు రాసిన వివరాల ప్రకారం రెండు టైర్లు, ముందు బంపర్ రంగు, పాలిష్ కలిపి 14,500. నెల రోజుల ఆన్‌లైన్ ప్రకటన 1,500, దాని మీద 18 శాతం జీఎస్టీతో 1,770. ఆదివారం పత్రికలో చిన్న ప్రకటన రెండు వారాలు, ప్రతిసారికీ 900. అచ్చు పత్రికలో స్థలానికి జీఎస్టీ 5 శాతమే కాబట్టి 945 చొప్పున 1,890. కారు 45 రోజులు దుకాణంలో ఉంది. డబ్బు నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చారు. అంటే 3,40,000 మీద నెలకు 5,100, రోజుకు 170, 45 రోజులకు 7,650.

మామయ్య ఈ వడ్డీని పుస్తకంలో రాయరని అన్నారు. ఎవరూ రాయరు. నేను లెక్కలు చూసిన దుకాణాల్లో వడ్డీని కారు వారీగా రాసేవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "సొంత డబ్బు పెడితే వడ్డీ ఎక్కడిది?" అని అడిగేవారూ ఉన్నారు. ఆ డబ్బు ఈ కారులో ఇరుక్కుని ఉండగా గుమ్మం ముందుకొచ్చిన ఇంకో మంచి కారును వదులుకున్న రోజు వాళ్లకే తెలుస్తుంది ఎక్కడిదో.

అన్నీ కలిపితే ఖ = 14,500 + 1,770 + 1,890 + 7,650 = 25,810.

లా = మా − ఖ = 50,847 − 25,810 = 25,037

మామయ్య అనుకున్నది 45,500, నిజంగా మిగిలింది పాతిక వేలు. ఇది ఆదాయపు పన్నుకు ముందు మాట. వెంటనే ఆయనకు చూపించకండి, భోజనం అయ్యాక చూపించండి.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఒకటుంది. లాభం లెక్క కట్టేటప్పుడు ఖర్చులు తీసేస్తాం కదా, పన్ను కూడా ఆ తీసేసిన దాని మీదే అనుకుంటారు. 60,000లోంచి 25,810 తీసేసి, మిగిలిన 34,190 మీద పన్ను 5,215 అని కట్టేస్తారు. చట్టంలో మార్జిన్ అంటే అమ్మిన ధర, కొన్న ధరల తేడా ఒక్కటే. టైర్లు, రంగు, ప్రకటన, వడ్డీ వీటిలో ఏదీ అందులోంచి తీయడానికి లేదు. కట్టాల్సింది 9,153 అయితే కట్టింది 5,215. తక్కువ పడిన 3,938 ఎప్పుడో నోటీసు రూపంలో వడ్డీతో కలిసి తిరిగొస్తుంది. నాకు తెలిసిన ఒక దుకాణానికి మూడేళ్ల కార్లన్నిటికీ ఒకేసారి వచ్చింది. ఆ లెక్కలు అంతకుముందు రాసింది నేను కాదని చెప్పుకోవడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఈ రెండు సమీకరణాలనూ కలిపి తిప్పి రాస్తే మీకు కావలసిన అసలు సూత్రం వస్తుంది. లా = (అ − కొ) ÷ 1.18 − ఖ కదా. ఖర్చును అవతలికి పంపి, రెండు వైపులా 1.18తో గుణించి, కొన్న ధరను కలిపితే:

అ = కొ + 1.18 × (ఖ + లా)

ఈ ఒక్క వరుసను దుకాణంలో గోడ మీద రాయించండి. కొన్న ధర ఉన్నది ఉన్నట్టు తిరిగి వస్తుంది. మిగతా ప్రతి రూపాయికీ, అది ఖర్చు అయినా లాభం అయినా, కొనేవాడి దగ్గర రూపాయి పద్దెనిమిది పైసలు రాబట్టాలి. తర్వాతి కారు కూడా ఇదే ధరకు కొని, ఇవే ఖర్చులు పెట్టి, నలభై వేలు మిగలాలంటే:

అ = 3,40,000 + 1.18 × (25,810 + 40,000) = 3,40,000 + 77,656 = 4,17,656

అన్నీ కలిపి 4,17,656 చేతిలో పడితేనే నలభై వేలు మిగులుతాయి.

ప్రకటనలో ఈ ధరే వేస్తే బేరంలో మునిగిపోతారు. మీ దగ్గర బేరం సగటున నాలుగు శాతం దాకా దిగుతుందని రాశారు. ఇక్కడ కూడా కలపడం తప్పు, భాగించడం ఒప్పు. 4,17,656కు నాలుగు శాతం కలిపితే 4,34,362 వస్తుంది. దానిలోంచి నాలుగు శాతం దిగితే 4,16,988 దగ్గర ఆగుతారు, అంటే 668 తక్కువ. ఎందుకంటే కలిపింది చిన్న అంకె మీద, తగ్గించింది పెద్ద అంకె మీద. ప్రకటన ధరను "ప్ర" అనుకుంటే 0.96 ప్ర = 4,17,656, కాబట్టి ప్ర = 4,35,058. ప్రకటనలో 4,35,000 అని వేయండి. 668 పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ ఇదే పొరపాటు పది శాతం బేరం దగ్గర చేస్తే నాలుగు వేలు దాటుతుంది.

మధ్యవర్తి సంగతి కూడా అడిగారు. అమ్మిన ధర మీద ఒక శాతం అడుగుతున్నాడు. ఈ ఖర్చు మిగతా వాటి లాంటిది కాదు. ఇది ధర మీద ఆధారపడుతుంది, ధర దీని మీద ఆధారపడుతుంది. కాబట్టి ఖర్చుల్లో 0.01 అ కూడా చేరుతుంది.

అ = కొ + 1.18 × (ఖ + లా + 0.01 అ)

"అ" ఉన్న వాటిని ఒకవైపు చేరిస్తే అ × (1 − 0.0118) = 4,17,656. అంటే అ = 4,17,656 ÷ 0.9882 = 4,22,643. నోటి లెక్కగా ఒక శాతం కలిపి 4,21,833 దగ్గర ఆగేవాళ్లు ధరలో 810 రూపాయలు తక్కువ అడిగినట్టు. మధ్యవర్తికి ఇచ్చేది 4,226. మీ ప్రకటనలన్నిటి ఖర్చు 3,660. అతను ప్రకటన లేకుండానే మనిషిని తెస్తే తేడా చాలా తక్కువ, పైగా నాలుగు రోజుల ముందు తెస్తే మీకే లాభం. ప్రకటనలు వేశాక, ఆ ప్రకటన చూసి వచ్చినవాడి పక్కన నిలబడి కమీషన్ అడిగితే మాత్రం ఒప్పుకోకండి. రెండూ కట్టడమంటే ఒకే పనికి రెండు కూలీలు ఇవ్వడం.

ఇప్పుడు ప్రకటనల గురించి. పై సూత్రంలో ప్రకటన "ఖ"లో ఉంది కాబట్టి దాని మీద 1.18 పడుతుంది. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల ప్రకటనకు పన్నుతో 1,180 కడతారు. అది ధరలోంచి రాబట్టాలంటే మళ్లీ 1.18తో గుణించాలి, 1,392 అవుతుంది. పత్రికలో వెయ్యి రూపాయల ప్రకటన పన్నుతో 1,050, ధరలో 1,239. ప్రకటన మీద కట్టిన జీఎస్టీని క్రెడిట్‌గా వాడుకోవడం గురించి మీ ఆడిటర్‌తో మాట్లాడండి. కారు మీద క్రెడిట్ తీసుకోకూడదన్న షరతు కారు గురించి చెప్పినది. అయినా ధర కట్టేటప్పుడు నేను ఆ క్రెడిట్‌ను లెక్కలోకి తీసుకోను. వస్తే వచ్చిందనుకుంటాను.

మీ పాత పుస్తకంలో గత మూడు నెలల పేజీలో "ప్రకటనలు 14,000, పన్ను 1,870" అని మాత్రమే ఉందనీ, బిల్లులు దొరకడం లేదనీ, పత్రికకు ఎంత పోయిందో ఆన్‌లైన్‌కు ఎంత పోయిందో తెలియడం లేదనీ రాశారు. బిల్లులు లేకపోయినా అది తేలుతుంది. పత్రికను "ప", ఆన్‌లైన్‌ను "ఆ" అనుకుంటే ప + ఆ = 14,000, 0.05 ప + 0.18 ఆ = 1,870. సమీకరణం నచ్చని మామయ్యకు ఇలా చెప్పండి. మొత్తం 14,000 పత్రికకే పోయి ఉంటే పన్ను 700 ఉండాలి. ఉన్నది 1,870. అంటే 1,170 ఎక్కువ. పత్రిక నుంచి ఆన్‌లైన్‌కు మారిన ప్రతి రూపాయికీ పన్ను 13 పైసలు పెరుగుతుంది. 1,170ని 0.13తో భాగిస్తే 9,000. ఆన్‌లైన్‌కు తొమ్మిది వేలు, పత్రికకు అయిదు వేలు. మా నాన్నగారి తరం కిరాణా లెక్కలు ఇలాగే చేసేది, దానికి బీజగణితం అని పేరు పెట్టకుండానే. ఇది ప్రకటనల ఖర్చు తేల్చుకోవడానికే గానీ, ఆడిటర్‌కు బిల్లుల స్థానంలో ఇవ్వడానికి కాదు.

ఆ మూడు నెలల్లో అమ్మిన తొమ్మిది కార్లలో ఇద్దరు పత్రిక చూసి, ఏడుగురు ఆన్‌లైన్‌లో చూసి వచ్చారన్నారు. పన్నుతో కలిపి పత్రికకు 5,250, అంటే కారుకు 2,625. ఆన్‌లైన్‌కు 10,620, అంటే కారుకు 1,517. దీన్ని చూసి వెంటనే పత్రిక మానేయకండి. ఆ ఇద్దరూ ఏ కార్లు కొన్నారో చూడండి. నా అనుభవంలో పత్రిక చూసి వచ్చేవారు కాస్త పెద్ద వయసువారు, బేరం తక్కువ చేస్తారు, ఫోనులో పది ప్రశ్నలు అడగకుండా నేరుగా కారు చూడటానికి వస్తారు. ఒక్కరు అయిదు వేలు తక్కువ బేరం చేసినా 5,000 ÷ 1.18 = 4,237 మీకు మిగిలినట్టే. ఆ ఒక్క బేరంతోనే ఈ లెక్క తిరగబడుతుంది. ఫోను వచ్చినప్పుడు "ఎక్కడ చూశారు?" అని అడిగి రాసుకోవడం ఇవాళే మొదలుపెట్టండి. తొమ్మిది కార్లతో ఏదీ నిర్ణయించలేం.

ఇంతకంటే ఎక్కువ డబ్బు పోయే చోటు మొండిపట్టు. మీ ప్రశ్న చివర ఒక వాక్యం రాశారు, "ఒకాయన పది వేలు తక్కువకు అడిగాడు, మామయ్య ఇవ్వలేదు, తర్వాత నెలన్నర దాకా కారు కదలలేదు" అని. మామయ్య తప్పు చేశారా? ఇదీ ఒక సమీకరణమే. ఆ పది వేలలో పన్ను పోను మీకు చెందేది 10,000 ÷ 1.18 = 8,475. కారును ఉంచుకుంటే రోజుకు వడ్డీ 170, ఆన్‌లైన్ ప్రకటన పొడిగింపు 1,770 ÷ 30 = 59, మొత్తం 229. "రో" రోజులు ఆగితే 229 రో పోతుంది. రెండూ సమానమయ్యేది:

229 రో = 8,475

రో = 37

ముప్పై ఏడు రోజుల్లో పూర్తి ధర ఇచ్చేవాడు వస్తే ఆగడం సరైనదే. ఆ తర్వాత వస్తే ఆ పది వేలు తగ్గించి ఆ రోజే ఇచ్చేసి ఉంటే బాగుండేది. నెలన్నర అంటే 45 రోజులు, కాబట్టి మామయ్య పోగొట్టుకున్నది ఎనిమిది రోజుల ఖర్చు, 1,830 రూపాయలు. పెద్ద నష్టం కాదు. ఆయన్ను దీని మీద సాధించకండి. మామూలుగా వేసే లెక్కలో పన్ను, ప్రకటన పక్కన పెట్టి 10,000ను 170తో భాగించి "యాభై ఎనిమిది రోజులు ఆగవచ్చు" అంటారు. ఆ ఇరవై ఒక్క రోజుల తేడానే పాత కార్ల దుకాణాల్లో దుమ్ము పట్టిన కార్లుగా కనిపిస్తుంది. ఈ లెక్కలో కారు పాతబడుతూ ధర తగ్గడం కలపలేదు. డిసెంబరు దాటితే ఏడాది మారి మోడల్ ఒక ఏడు పాతదైపోతుంది కాబట్టి, నవంబరులో ఈ ముప్పై ఏడుని ఇరవై అనుకోవడం మంచిది.

2025 సెప్టెంబరు 22 తర్వాత మీ దుకాణంలో ఉన్న కొన్ని కార్లు కొన్న ధరకే అమ్ముడుపోలేదని రాశారు. కారణం మీకు తెలుసు, ఆ రోజు నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది. పెట్రోలు చిన్న కారుకు అంతకుముందు 28 శాతం, దాని పైన 1 శాతం సెస్సు, మొత్తం 29. ఇప్పుడు 18. "పదకొండు శాతం తగ్గింది" అని అందరూ అన్నారు గానీ ధర తగ్గింది పదకొండు శాతం కాదు. షోరూం ధర 7,00,000 ఉన్న కారు పన్ను లేని ధర 7,00,000 ÷ 1.29 = 5,42,636. దాన్ని 1.18తో గుణిస్తే 6,40,310. తగ్గింది 59,690, అంటే ఎనిమిదిన్నర శాతం. రెండేళ్ల పాత కారు కొనడానికి వచ్చినవాడు "కొత్తదే అరవై వేలు తగ్గింది, నువ్వు కూడా తగ్గించు" అంటే న్యాయమే. "డెబ్బై ఏడు వేలు తగ్గింది" అంటే మాత్రం ఈ లెక్క కాగితం మీద వేసి చూపండి.

అలా నష్టానికి అమ్మిన కారు మీద జీఎస్టీ లేదు. మార్జిన్ సున్నా కంటే తక్కువైతే దాన్ని లెక్కలోకి తీసుకోరు. కానీ ఆ నష్టాన్ని ఇంకో కారు లాభంలోంచి తీసివేయడానికి కూడా లేదు. ఒక కారు మీద 60,000 ఎక్కువ వచ్చి, ఇంకోదాని మీద 20,000 పోతే, పన్ను 40,000 మీద కాదు, 60,000 మీదే. మన సూత్రం పనిచేసేది "అ" "కొ" కంటే పెద్దదైనప్పుడే. అందుకే పుస్తకంలో ప్రతి కారుకూ విడి వరుస ఉండాలి. నెల చివర అన్నీ కలిపి తీసిన ఒక్క అంకెతో పన్ను కడితే తప్పుతుంది.

మీకు తెలిసిన డాక్టరు గారు అమ్ముతానంటున్న క్లినిక్ కారు గురించి ఒక మాట. వ్యాపారానికి వాడిన కారు మీద ఆదాయపు పన్నులో తరుగుదల తీసుకుని, ఆ మనిషికి జీఎస్టీ నమోదు కూడా ఉంటే, ఆయన అమ్మే లెక్కలో "కొ" స్థానంలో కొన్న ధర కాదు, తరుగుదల పోను మిగిలిన విలువ వేయాలి. ప్రభుత్వం ఇచ్చిన వివరణలోని ఉదాహరణే చెబుతాను. ఇరవై లక్షలకు కొన్న వాహనం మీద ఎనిమిది లక్షల తరుగుదల తీసుకున్నారు, విలువ పన్నెండు లక్షలు. పది లక్షలకు అమ్మితే పన్ను లేదు. పదిహేను లక్షలకు అమ్మితే మూడు లక్షల మీద పన్ను ఉంది, ఇరవైకి కొని పదిహేనుకు అమ్మినా సరే. క్లినిక్‌కు జీఎస్టీ నమోదు లేకపోతే ఈ గొడవే లేదు.

ఇక హైదరాబాద్ కార్లు. అక్కడ ఇరవై అయిదు వేలు చౌకగా దొరుకుతున్నాయని ఉత్సాహపడుతున్నారు. రాష్ట్రం మారితే అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. అది కారు వయసును, అసలు ధరను బట్టి ఉంటుంది కాబట్టి కొనే ముందే ఆ కారు వివరాలతో అడిగి తెలుసుకోండి. దాన్ని "జీ" అనుకుందాం. మీరే కట్టి ధరలో కలిపితే అది "ఖ"లో చేరుతుంది, కొనేవాడు 1.18 జీ ఇవ్వాలి. తన పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించుకునేటప్పుడు కొనేవాడే నేరుగా కడితే అతనికి పడేది జీ మాత్రమే. 30,000 పన్ను అనుకుంటే ఎవరు కట్టారన్న దాన్ని బట్టి 5,400 తేడా. మొదటి పద్ధతిలో 35,400 రాబట్టాలి, కొనడంలో మిగిలింది 25,000. ఆ కారు రాజమహేంద్రవరానికి వచ్చేసరికి చౌక కాదు, పదివేలు ఖరీదు ఎక్కువ. ఆర్సీ మార్పిడి ఫీజులకూ ఇదే వరుస. బిల్లులో కలపకండి, కొనేవాడి చేతే నేరుగా కట్టించండి. ప్రకటనలో "రిజిస్ట్రేషన్ ఖర్చులు కొనేవారివే" అని రాస్తే తర్వాత మాట రాదు.

చివరగా, ఇప్పుడు దుకాణంలో ఉన్న వెండి రంగు కారుకు ఈ ఆదివారం ఇంకోసారి పత్రికలో వేయాలా అన్నారు. ప్రకటన 945, రోజు ఖర్చు పై కారుకు లాగే 229 అనుకుందాం. 945ను 229తో భాగిస్తే నాలుగు రోజుల కంటే కొంచెం ఎక్కువ. ఆ ప్రకటన కారు అమ్మకాన్ని అయిదు రోజులైనా ముందుకు లాగుతుందని మీకు నమ్మకం ఉంటే వేయండి. ఆ కారు కోసం ఈ వారంలో ఎన్ని ఫోన్లు వచ్చాయో మీరు రాయలేదు. నిన్నటి దాకా రోజుకు రెండు మూడు వస్తుంటే ఇంకో వారం ఆగండి, ఆన్‌లైన్‌లోనే పోతుంది. మూడు రోజులుగా ఒక్క ఫోనూ లేకపోతే ప్రకటన కంటే ముందు ఫొటోలు మార్చండి. మీరు పంపిన దాంట్లో వెనక గోడకు ఆరేసిన బట్టలు కారు కంటే స్పష్టంగా కనిపిస్తున్నాయి.